అహోబిలం దాకా వెనక సీట్లో

ఈ దారిలో ఇంకా వెళ్లనివాళ్ల కోసం రాస్తున్నాను కాబట్టి ముందే చెప్పేస్తాను. హైదరాబాదు నుంచి అహోబిలానికి కారులో ఏడు గంటలు. అదే కారులో పదకొండు నెలల పిల్లాడూ, మూడున్నరేళ్ల పిల్లా ఉంటే రెండు రోజులు. మ్యాపు ఈ సంగతి చెప్పదు. మ్యాపుకి పిల్లల్లేరు.

నాకూ లేరు. నేను మేనమామని. ఈ ప్రయాణంలో నా హోదా అదొక్కటే. అది కూడా దారిలో ఊడిపోయేలా ఉందని బయల్దేరిన అరగంటకే అర్థమైంది.

గచ్చిబౌలి

నేనుండేది గచ్చిబౌలిలో. మా అక్క శిరీష, బావ హరినాథ్ ఉండేది నల్లగండ్లలో. మధ్యలో ఏడెనిమిది కిలోమీటర్లు. సాయంత్రం ఆఫీసు బస్సులన్నీ రోడ్డు మీదికొచ్చాక ఆ ఏడెనిమిది కిలోమీటర్లూ వేరే జిల్లా అయిపోతాయి. అందుకని నేను చాలా తెలివిగా, అక్కకి రెండోవాడు పుట్టినప్పటినుంచీ నా మేనమామతనమంతా వీడియో కాల్లోనే నడిపించాను. రోజూ ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని ఫోన్ చేసి నాలుక బయటపెట్టేవాణ్ణి. బుడ్డోడు బోసినోటితో పడీపడీ నవ్వేవాడు. (వాడికి అసలు పేరొకటి ఉంది. పెద్దది. వాడికింకా సరిపోదు.) మేమిద్దరం ప్రాణస్నేహితులం అనుకున్నాను.

వాడికి పదో నెల నడుస్తుండగా ఓ ఆదివారం వీలు చేసుకుని స్వయంగా వెళ్లాను. తలుపు తీశారు. వాడు నన్ను చూశాడు. ఆ తర్వాత వచ్చిన శబ్దానికి పక్క ఫ్లాటువాళ్లు కూడా తలుపు తీశారు.

ఆలోచిస్తే వాడి భయంలో న్యాయం ఉంది. ఫోన్లో నేను అరచేయంత ఉంటాను, భుజాల కింద ఏమీ ఉండదు. ఎదురుగా ఆరడుగులు, కాళ్లతో సహా. వాడికి తెలిసిన మామని మింగేసి ఎవడో వచ్చాడనుకున్నాడు.

మామూలుగా అయితే ఇదేం పెద్ద విషయం కాదు. కానీ పుట్టువెంట్రుకలు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలి. బావ వాళ్ల ఇలవేల్పు అహోబిలం నరసింహస్వామి. పదకొండో నెల దాటితే మూడో ఏడు దాకా ఆగాలని బావ వాళ్లమ్మ తీర్పు. ఆ పదకొండో నెల ఇంకో వారంలో అయిపోతోంది. పెద్దది మిన్ను విషయంలో నేను పూణెలో ప్రాజెక్టులో ఇరుక్కుంటే, మా పెదనాన్న కొడుకు రవన్నయ్య ఒళ్లో కానిచ్చేశారు. ఈసారి నేను ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాను. సాకు లేదు.

"వాణ్ణి హడలగొట్టి మొక్కు తీర్చుకోను నేను. నీ ఒళ్లో ఉంటే నువ్వు. లేదంటే ఈసారీ రవన్నయ్యే," అంది అక్క.

"మరి వాడు ఉండాలంటే ఏం చెయ్యాలి?"

"నేను ముందు సీట్లో కూర్చుంటా. నువ్వు వెనక వాడి పక్కన కూర్చో. రెండ్రోజుల్లో అలవాటు చేసుకో."

"ఎవరు? నేనా, వాడా?"

"ఎవరో ఒకరు చేసుకోండ్రా!"

విమానం సంగతి అడక్కండి. మిన్ను ఏడాదిన్నర పిల్లగా ఉన్నప్పుడు విశాఖకి విమానంలో తీసుకెళ్లారు. గంట ప్రయాణంలో యాభై నిమిషాలు మిన్ను ఏడ్చింది, మిగిలిన పది నిమిషాలు అక్క ఏడ్చింది. కారులో అయితే ఏడుపు మనవాళ్ల మధ్యే ఉంటుంది.

అలా అక్టోబరులో ఒక శుక్రవారం పొద్దున్న రింగురోడ్డు ఎక్కే ముందు నన్ను ఎక్కించుకున్నారు. బావ స్టీరింగు దగ్గర, అక్క ఆయన పక్కన. వెనక ఎడమవైపు పిల్లల సీట్లో బుడ్డోడు, కుడివైపు ఇంకో సీట్లో మిన్ను, మధ్యలో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని నేను. నాకు మామూలుగానే ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఇప్పుడు కదలడానికి చోటు కూడా లేదు.

బుడ్డోడు నన్ను ఎగాదిగా చూసి మొదలుపెట్టాడు. శంషాబాదు దాటేదాకా ఆపలేదు.

"మామా, తమ్ముడికి నువ్వంటే ఇష్టం లేదు," అంది మిన్ను.

"నీకు?"

కాసేపు ఆలోచించింది. "కొంచెం ఉంది."

బాలానగర్ దగ్గర

ఇది మన సిటీలో బాలానగర్ కాదు. షాద్‌నగర్ దాటాక వచ్చేది. అక్టోబరులో రోడ్డు పక్కన బారుగా సీతాఫలాల గంపలు పెట్టుకుని కూర్చుంటారు. మా గచ్చిబౌలి పక్కనే కొత్తగూడ షాపులో ఇవే కాయల్ని నాలుగు నాలుగు చొప్పున అట్టపెట్టెలో పెట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, పసిబిడ్డల్లా పడుకోబెట్టి అమ్ముతారు. ఆ పెట్టె ధరకి ఇక్కడ గంప వస్తుంది, అడిగితే గంప కూడా ఇచ్చేస్తారు.

మేం ఆగింది కాయల కోసం కాదు, మిన్నుకి ఒకటికొచ్చిందని. బావ దాన్ని తీసుకుని చెట్ల వైపు పరిగెత్తాడు. అక్క కాళ్లు చాపుకోవాలంది. బుడ్డోణ్ణి సీట్లోంచి విప్పి ఎత్తుకోవడం నా వంతయింది. వాడు విల్లులా వెనక్కి వంగి, చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాడు. గంప ముందు కూర్చున్న ఒక పెద్దావిడ చూసి చూసి లేచింది.

"ఏంది, గట్ల పట్టుకున్నవ్? ఇటియ్యి బిడ్డా పిల్లగాన్ని."

ఇచ్చాను. వాడు ఠక్కున ఆగాడు. ఆవిడ ముక్కుపుడక పట్టుకుని ఆడటం మొదలుపెట్టాడు.

"ఎవరి పోరడు?" అని అడిగింది.

"మా అక్క కొడుకండి. నేను మేనమామని."

"మేనమామవా!" అని నన్నూ వాణ్ణీ మార్చి మార్చి చూసింది. నమ్మినట్టు లేదు. నా దగ్గర రుజువులు కూడా లేవు.

"నువ్వు వాని కండ్లల్ల కండ్లు పెట్టి చూస్తున్నవ్. పోరడు పరేషాన్ అయితున్నడు. చూడకు. నీ పని నువ్వు చేస్కో. ఆడే వస్తడు, ఫికర్ చెయ్యకు."

"ఎన్ని రోజులకొస్తాడండి?"

"నేనేమన్న జాతకం చెప్తనా? సీతాఫలాలు అమ్ముకుంటున్న," అంది.

ఒక గంప కొన్నాం. గంట తిరిగేసరికి మిన్ను రెండు కాయలు తిని, మూడోదాన్ని నా ప్యాంటుకి రాసింది. సీతాఫలం గుజ్జు ఎండితే బట్ట అట్టలా నిలబడుతుందని నాకు అంతవరకు తెలియదు.

జడ్చర్ల దాటాక

చూడకపోవడం అంత తేలిక కాదు. నేను పన్నెండో నిమిషం దాకా కిటికీలోంచి ఖాళీ పొలాలు చూశాను. తర్వాత నాకో ఉపాయం తట్టింది. వాడికి ఫోన్లో మామ తెలుసు కదా. ఫోన్లో మామనీ, పక్కన ఉన్న మామనీ కలిపి పరిచయం చేస్తే?

అక్క ఫోన్ తీసుకుని బుడ్డోడి ముందు పట్టుకున్నాను. నా ఫోన్ నుంచి వీడియో కాల్ చేశాను. అడుగు దూరంలో కూర్చుని నాలుక బయటపెట్టాను.

వాడు తెర చూసి నవ్వాడు. పాత స్నేహితుడు దొరికాడు! రెండు కాళ్లూ కొట్టాడు. నేను ఆనందం పట్టలేక "బుడ్డోడా!" అన్నాను. ఆ మాట తెరలోంచీ వచ్చింది, పక్కనుంచీ వచ్చింది. వాడు తల తిప్పి నన్ను చూశాడు. మళ్లీ తెర చూశాడు. మళ్లీ నన్ను. ఒకడు సరిపోనట్టు ఇప్పుడు ఇద్దరు!

"బామ్మర్దీ," అన్నాడు బావ అద్దంలోంచి చూస్తూ, వాడి అరుపుని మించి అరుస్తూ, "నువ్వు ఆఫీసులో గూడా ఇట్లనే టెస్టింగ్ చేస్తావా ఏమప్పా?"

నా ఉద్యోగం అదే మరి. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతకడం.

సరిగ్గా అప్పుడే నల్లగండ్ల నుంచి బావ వాళ్లమ్మ ఫోన్. మోకాళ్ల నొప్పులని ఆవిడ రాలేదు కానీ ప్రయాణం నడుపుతున్నది ఆవిడే.

"ఏంది హరీ ఆ ఏడుపు? బిడ్డను ఇంగా ఆ కుర్చీకి కట్టేసే ఉండారా?"

"రూలు మా. సేఫ్టీ."

"ఏం సేఫ్టీనో ఏమో. మిమ్మల్ని ముగ్గుర్ని ఒళ్లో కూసోబెట్టుకోని ఎర్రబస్సులో తిప్పితి. ఒగరన్నా జారిపడితిరా?"

"చిన్నోడు పడినాడు కదమ్మా, డోన్ దగ్గర."

ఆవిడ మాట మార్చింది. "రేపు పుట్టెంటికలు తీసేది పన్నెండు దాటనీయద్దండి, ఆ పైన మంచి టైము లేదు," అని పెట్టేసింది.

కర్నూలు

కర్నూల్లో మకాం రవన్నయ్య ఇంట్లో. బ్యాంకులో ఆఫీసరు, ఎనిమిదేళ్లుగా ఇక్కడే. మా ఊరు తెనాలి దగ్గర, ఆయనదీ అదే, కానీ ఇప్పుడు మాటలో సగం కర్నూలు కలిసిపోయింది. మనిషి గుండ్రంగా, మెత్తగా, ఏసీ వేసిన గదిలాగా ఉంటాడు. ఎవరైనా వెళ్లి కూర్చోవాలనిపిస్తుంది.

కారు ఆగగానే ఆయన చేతులు చాపాడు. బుడ్డోడు కూడా చాపాడు. అంతే. ఎనిమిది గంటలు పక్కన కూర్చున్నవాణ్ణి నేను, ఎనిమిది సెకన్లలో వాడు చేరింది ఆయన ఒళ్లోకి.

"నా దగ్గర ఏమైనా వాసనొస్తోందా అన్నయ్యా?" అన్నాను.

"సీతాఫలం వాసనొస్తోందిరా," అన్నాడు నిజాయితీగా.

ఆయన మంచివాడు. అదే వచ్చిన చిక్కు. కుళ్లుకోవడానికి ఆయనలో ఒక్క తప్పు దొరకలేదు. తప్పులు వెతకడమే జీవనోపాధి అయినవాడికి ఇది అవమానం.

పొద్దున్నే టిఫిన్‌కి బయటికి తీసుకెళ్లాడు. ఇక్కడ ఉదయాన ఉగ్గాని తింటారు. మా వైపు మరమరాలంటే సాయంత్రం పిడత కింద పప్పు. వీళ్లు వాటిని బొరుగులంటారు, నీళ్లలో తడిపి, పిండి, ఉల్లిపాయా పసుపూ తాలింపులో తిప్పి, పైన పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు ఇది టిఫినా, మర్చిపోయి నీళ్లలో పడేసిన చిరుతిండా అనిపిస్తుంది. మూడో ముద్దకి ఇంకో ప్లేటు చెప్తారు. బజ్జీ కొరికితే మాత్రం మాట్లాడకండి, కాసేపు ఎటూ చూడకండి. మా గుంటూరు కారం గురించి ఇరవయ్యారేళ్లుగా నేను చెప్పుకున్న గొప్పలు ఒక్క కొరుకుడుతో వెనక్కి తీసుకున్నాను.

"బిడ్డకు పెట్టండి సార్, బజ్జీ లేకుండ. మెత్తగుంటాది," అన్నాడు వడ్డించేవాడు.

నేను ఒక మెతుకంత వేలిమీద పెట్టి చాపాను. బుడ్డోడు పెదాలు బిగించి మొహం తిప్పుకున్నాడు. అదే ఉగ్గాని రవన్నయ్య పెడితే తిన్నాడు. నాలుగుసార్లు.

చేతులు కడుక్కునే చోట అక్క నా పక్కకొచ్చి నిలబడింది.

"అన్నయ్య సెలవు పెట్టాడు. మనతో వస్తున్నాడు," అంది.

"స్టాండ్‌బైగానా?"

"జోకులొద్దురా. ఒక సంగతి చెప్పనా? రోజూ ఫోన్ చేసి వాణ్ణి నవ్విస్తావు. నిజమే. కానీ వాడు పుట్టిన దగ్గర్నుంచి నువ్వు మా ఇంటికి ఎన్నిసార్లొచ్చావో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెనాలి నుంచి అమ్మే నీకంటే ఎక్కువసార్లు వచ్చింది. మిన్ను అప్పుడు నువ్వు దూరంగా ఉన్నావు, బాధ లేదు. ఇప్పుడు పక్కనే ఉండి వాడికి పరాయివాడివి. నాకు అదీ..."

మిగతాది చెప్పకుండా చెయ్యి తుడుచుకుని వెళ్లిపోయింది. నా దగ్గర జోకు ఒకటి సిద్ధంగానే ఉంది. వాడలేదు.

నంద్యాల దారిలో

రవన్నయ్య తన బండి తీసుకుని మా వెనక వస్తున్నాడు. అద్దంలోంచి చూసినప్పుడల్లా ఆయన నవ్వుతూ కనిపిస్తున్నాడు. నేను వెనక సీట్లో మోకాలు ఆడిస్తున్నాను. ఆపుకుంటే రెండోది ఆడుతోంది. పన్నెండు లోపు, పన్నెండు లోపు అని తలలో గంట కొడుతోంది. ఇంకా నూట ముప్పై కిలోమీటర్లుంది. వాడు నావైపు తిరగడానికి ఎంతుందో మ్యాపులో లేదు.

ఈసారి సీతాఫలాలావిడ చెప్పినట్టే చేశాను. నిజంగా చూడలేదు. ఆఫీసు మెయిళ్లు చూశాను. మిన్ను చెప్పినట్టల్లా ఏనుగునయ్యాను, బస్సునయ్యాను, చివరికి గేదెనయ్యాను.

"గేదె కొమ్ములేవి మామా?"

"గచ్చిబౌలిలో మర్చిపోయొచ్చా."

పాణ్యం దగ్గర బుడ్డోడి చేతిలో రబ్బరు జిరాఫీ కింద పడింది. నేను వాడివైపు తిరక్కుండా తీసి, పక్కకి చాపాను. చిన్న చెయ్యి వచ్చి లాక్కుంది. మళ్లీ పడింది. మళ్లీ ఇచ్చాను. ఐదోసారికి అది పడటం లేదు, పడేస్తున్నాడని తెలిసింది. వాడు నాతో ఆడుతున్నాడు! ఇరవయ్యోసారికి నడుం పట్టేసింది. అయినా ఊపిరి గట్టిగా పీల్చకుండా వంగుతున్నాను, లేస్తున్నాను. నంద్యాల ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో చూడలేదు. నంద్యాల గురించి ఏమైనా రాస్తాననుకున్నవాళ్లు క్షమించాలి. ఆ ఊరు దాటుతున్నంతసేపూ నేను సీటు కింద ఉన్నాను.

ఆళ్లగడ్డకి ముందు వాడు నా చెవి పట్టుకున్నాడు. నేను శిలలా ఉండిపోయాను.

"అక్కా," అన్నాను పెదాలు కదలకుండా. "చూడు."

అక్క వెనక్కి తిరిగింది. వాడు నా చెవి పట్టుకునే, చాలా ప్రశాంతంగా, ఉగ్గాని మొత్తం నా భుజం మీద కక్కాడు. ఆ తర్వాత నా మొహం చూశాడు. అప్పటిదాకా పట్టుకున్న చెవి ఎవరిదో అర్థమై మళ్లీ మొదలుపెట్టాడు.

"అదప్పా సంగతి," అన్నాడు బావ.

అహోబిలం

కొండల మధ్యకి వెళ్తుంటే చెట్లు దగ్గరికొస్తాయి, ఫోన్ సిగ్నల్ దూరమవుతుంది. దిగువ అహోబిలంలో దిగేసరికి పదకొండు దాటింది. కోతులు మా కారు అద్దాల్లో మొహాలు చూసుకుంటున్నాయి. మిగిలిన సీతాఫలాల్ని గంపతో సహా స్వాధీనం చేసుకున్నాయి. బావ కర్ర కోసం వెతికాడు. మిన్ను చప్పట్లు కొట్టింది. నేను, వాడు కక్కిన చొక్కా విప్పేసి, వేరే చొక్కా వేసుకుని, బొత్తాలు తప్పు పెట్టుకుని, విప్పి, మళ్లీ పెట్టుకున్నాను.

తలనీలాలు తీసే చోట చప్టా మీద వరసగా పీటలున్నాయి. మా ముందు ఒక పాప గుండు చేయించుకుంటూ లాలీపాప్ చప్పరిస్తోంది. కొందరు పుట్టుకతోనే అలా ఉంటారు.

మాకు దొరికినాయన అరవై దాటినవాడు. పీట చూపించి అడిగాడు. "మేనమామ ఎవరు సామీ?"

రవన్నయ్య నావైపు చూశాడు. నేను అక్కవైపు చూశాను. అక్క నన్నూ, తన చంకలో బుడ్డోణ్ణీ చూసింది. టైము పదకొండున్నర.

"కూర్చో," అంది నాతో. "ఒకసారి చూద్దాం. ఏడిస్తే అన్నయ్యకిచ్చెయ్."

బాసింపట్టు వేసి కూర్చున్నాను. అక్క వాణ్ణి నా ఒళ్లో పెట్టి, తను చూడలేనంటూ స్తంభం అవతలికి వెళ్లి అటు తిరిగి నిలబడింది. వాడు మూలగడం మొదలుపెట్టాడు. ఒంటిని బిగించాడు. నాకు తెలిసిన బిగింపే. ఇంకో నాలుగు సెకన్లలో విల్లు అవుతాడు. రవన్నయ్య పక్కనే గొంతుక్కూర్చుని చేతులు సిద్ధంగా పెట్టుకున్నాడు.

అప్పుడు ఆ పెద్దాయన చెంబులో చెయ్యి ముంచి, చల్లటి నీళ్లు వాడి నెత్తిన రుద్దాడు. కొత్త బ్లేడు విప్పి కత్తిలో పెట్టాడు. టిక్ మంది. వాడు ఆ చెయ్యి చూశాడు, కత్తి చూశాడు, మీసాలు చూశాడు.

రెండు రోజుల్లో మొదటిసారి వాడికి నాకంటే భయంకరమైన మనిషి కనిపించాడు.

గిరుక్కున తిరిగాడు. నా చొక్కా రెండు గుప్పిళ్లతో పట్టుకుని, పైకి పాకి, మెడలో మొహం దూర్చేశాడు. తడి నెత్తి నా గడ్డం కింద ఆనింది. వెక్కుతున్నాడు, వెక్కిన ప్రతిసారీ ఇంకొంచెం లోపలికి దూరుతున్నాడు.

"ఇలా ఇవ్వరా, ఏడుస్తున్నాడు," అని రవన్నయ్య చేతులు చాపి "బుడ్డోడా, నాన్నా, దా" అన్నాడు. వాడు ఒక కన్ను తెరిచి ఆయన్ని చూసి, మళ్లీ నా మెడలోకి వెళ్లిపోయాడు.

రవన్నయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. "సరే అయితే," అన్నాడు నెమ్మదిగా. "నీదేరా."

నేను కదల్లేదు. మోకాలు ఆడటం లేదని అప్పుడు గమనించాను.

"బాగుంది సామీ," అన్నాడు పెద్దాయన కత్తి గాల్లో పట్టుకుని. "మరి నాకు తల కావాల గదా. ఇట్లా తిప్పండి."

"ఒక్క నిమిషం."

"నిమిషమైతే ఇంగా గట్టిగా పట్టుకుంటాడు. మీరు మెత్తగా పట్టుకుంటే బిడ్డ ఊగుతాడు, ఊగితే తెగుతాది. తిప్పి, నుదురు గట్టిగా పట్టుకోండి."

రెండు రోజులుగా నేను దేనికోసం వంగి లేచానో అది నా మెడ పట్టుకుని ఉంది. దాన్ని నా చేతుల్తోనే విప్పాలి. ఒక గుప్పిడి విప్పాను. రెండోది విప్పేలోగా మొదటిది మళ్లీ పట్టుకుంది. చిటికెన వేలు ఒక బొత్తాంలో చిక్కుకుంటే దాన్ని విడిగా తీశాను. వాణ్ణి తిప్పి, నా ఛాతీకి వీపు ఆనించి, ఒక చెయ్యి పొట్టమీద, ఒకటి నుదుటి మీద వేసి పట్టుకున్నాను. ఎంత గట్టిగానంటే, వాడు ఊగలేనంత. వాడు అరిచిన అరుపు బాలానగర్ అరుపులాంటిది కాదు. అది వేరే. అందులో వాడు నన్ను ఏదో అడుగుతున్నాడు.

కత్తి నడినెత్తికి వచ్చినప్పుడు పెద్దాయన చెయ్యి తేలికైంది. మాడు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. చర్మం కింద అది కొట్టుకోవడం నాకు పైనుంచి కనిపిస్తోంది. కుదురు లేని నేను ఊపిరి కూడా ఆపి కూర్చున్నాను.

"ఐపోయింది, ఐపోయింది," అంటూ ఆయన చెవి వెనక ఆఖరి గీత గీశాడు. "కదలనీలేదు. మంచిగ పట్టినారు సామీ."

అక్క స్తంభం వెనకనుంచి అడిగింది. "అయిందా?"

"అయింది."

వచ్చి గుండు చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఏడిస్తే ఇచ్చెయ్యమన్నాను కదరా. నీ దగ్గర ఉండలేదా?"

"ఉన్నాడక్కా. వాడంతట వాడే వచ్చి మెడ పట్టుకున్నాడు."

"మరి అంత అరుపెందుకు?"

"తిప్పి పట్టుకున్నాను."

అక్క కొంగుతో వాడి మొహం తుడిచి, ఎత్తుకుని, స్నానానికి తీసుకెళ్లింది. వెళ్తూ ఆమె భుజం మీదుగా వాడు నన్ను చూశాడు. ఏడవలేదు. నవ్వనూ లేదు. నన్ను జాగ్రత్తగా చూశాడు.

"చొక్కా నిండా వెంట్రుకలే. దులుపుకో బామ్మర్దీ," అన్నాడు బావ.

"కాసేపాగి దులుపుతా," అన్నాను. ఇంకా ఆ పీట మీదే కూర్చుని ఉన్నాను.